అడిగి వడ్డించే అల్లుడు

ఆ రోజు చెయ్యాల్సిన పనులు ఇవి.

రాత్రి డ్యూటీ దిగి వచ్చే భార్యకు పాలు కాచి మూత పెట్టాలి. షాపుకు ఫోన్ చేసి ఈ పూట రానని చెప్పాలి. అత్తగారింటికి వెళ్ళి, నిన్న తాను కొత్త భాగాలు వేసి బిగించి ఇచ్చిన కంప్యూటరు ఎందుకు దానంతటదే ఆరిపోతోందో తేల్చాలి. బడి వదిలే వేళకు ఆవిడ ప్రశ్నపత్రాలు అచ్చు తీసి ఇచ్చేలా దాన్ని నిలబెట్టాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, పైకి చెప్పుకోలేనిది ఇంకొకటి ఉంది. ఇదంతా తోడల్లుడు వచ్చేలోపు అయిపోవాలి.

పెద్దల్లుడు పాలగిన్నె కింద మంట తగ్గిస్తూ ఈ పనుల్ని మనసులో మరోసారి వరసబెట్టుకున్నాడు. అత్తగారు పొద్దున్నే ఫోన్ చేసింది.

"అల్లుడుగారూ, నిద్ర చెడగొట్టానా? మీరు బిగించిన పెట్టె కాసేపు బాగానే ఉంటోందండీ, తర్వాత ఉన్నట్టుండి కళ్ళు మూసేస్తోంది. మీకు వీలైతేనే రండి. లేకపోతే చిన్నవాణ్ణి పిలుస్తాను, వాడు ఎవర్నో ఒకర్ని పట్టుకొస్తాడు."

ఆ ఆఖరి మాట చెవిలో సీసం పోసినట్టయింది. "వస్తున్నానండీ, వస్తున్నాను" అని ఆయన అప్పటికప్పుడు పళ్ళు తోముకోవడానికి లేచాడు.

ఆయనకు యాభై దాటాయి. పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవరు ఉంటుంది కాబట్టి ఏ చొక్కాకైనా ముందు ఆ జేబే చిరుగుతుంది. కుడిచేతి బొటనవేలి చర్మం మొద్దుబారిపోయి, వేడి ఎంతో తెలుస్తుంది కానీ చురుక్కుమనదు. షాపులో అందరూ ఆయన్ని 'చల్లారనీ' అంటారు. ఏ యంత్రం ముందుకొచ్చినా దానిమీద వేలు ఆనించి "కాస్త చల్లారనీ" అన్నాకే మూత విప్పుతాడు. కొత్తగా వచ్చినవాళ్ళు అదే ఆయన ఇంటిపేరనుకుని "చల్లారనీ గారూ" అని పిలిచిన సందర్భాలూ ఉన్నాయి. మొదట రేడియోలు బాగుచేశాడు. తర్వాత టీవీలు. తర్వాత కంప్యూటర్లు. ఒక విద్య ఆయన చేతికి పూర్తిగా పట్టుబడే వేళకు లోకం ఆ వస్తువును అటకెక్కించేది. సొంత షాపు పెట్టలేదు. పెడదామా అని భార్య ఒకసారి అడిగితే, "నా బల్ల నాకుంది కదా" అన్నాడు. ఆ బల్ల షాపు యజమానిదన్న సంగతి ఆమె గుర్తుచెయ్యలేదు.

బస్సు దిగి, అత్తగారి వీధి మొదట్లో ఆగి, సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. వీధిలో బడి వ్యాను కనబడలేదు. హమ్మయ్య అనుకున్నాడు.

ఆ ఇంటికి అల్లుళ్ళు ఇద్దరు. చిన్నల్లుడు బడి వ్యాను నడుపుతాడు. అతను పెళ్ళికి ముందు నుంచీ ఆ వీధివాడే. చిన్నప్పుడు బంతి కొట్టి ఆ ఇంటి కిటికీ అద్దం పగలగొట్టి, ఈ అత్తగారి చేతే చెవి మెలిపెట్టించుకున్నాడు. అందుకని ఆవిడకు అతను 'ఏరా'. పెద్దల్లుడు సంబంధాలు వెతికి తెచ్చుకున్నవాడు. అందుకని 'మీరు', 'అండీ', 'అల్లుడుగారూ'. పెళ్ళయి పాతికేళ్ళు దాటినా ఆ 'గారు' ఊడిపడలేదు.

భోజనాల దగ్గర తేడా ఇంకా బాగా తెలిసేది. చిన్నల్లుడి పళ్ళెంలో ఆవిడ అడక్కుండా వడ్డించేది. అతను "చాలు బాబోయ్, పొట్ట పగుల్తుంది" అని చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతిమీద ఒకటి వేసి మరీ వడ్డించేది. పెద్దల్లుడి దగ్గరకొచ్చేసరికి గరిటె గాలిలో ఆగేది. "ఇంకొంచెం వెయ్యమంటారా?" ఆయన మర్యాదకు "వద్దండీ" అనేవాడు. గరిటె వెనక్కి వెళ్ళిపోయేది. అలా పాతికేళ్ళుగా ఆయన ఆ ఇంట్లో అర్ధాకలితో లేచి, ఇంటికొచ్చి వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూసుకునేవాడు.

"మా అమ్మ పెట్టలేదా ఏమిటి?" అని భార్య నవ్వేది.

"అడిగింది" అనేవాడు. అంతకంటే ఎలా చెప్పాలో ఆయనకు తెలిసేది కాదు.

ఇది కడుపుమంట అని ఆయనకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆరేది కాదు. చిన్నల్లుడికి ఆ ఇంట్లో అన్ని గదుల్లోనూ చోటుంది. వంటింటి గట్టు మీద కూర్చుని కబుర్లు చెబుతాడు, అత్తగారి మంచం మీద అడ్డంగా పడి నిద్రపోతాడు. పెద్దల్లుడికి ఉన్నది ముందు గదిలో కంప్యూటరు వెనక, తీగల మధ్య, మోకాళ్ళ మీద కూర్చునే జాగా ఒక్కటే. అదీ పోతే ఆయన ఆ ఇంటికి చుట్టపుచూపు మనిషే.

అత్తగారు తలుపు తీసి పక్కకు తప్పుకుంది. ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయాక ముందు గదిలో బల్ల వేసుకుని ఊళ్ళోవాళ్ళ కాగితాలు టైపు చేసి పెడుతోంది. ఈసారి వచ్చినది బడి ప్రశ్నపత్రాల పని. చిన్నల్లుడు బడివాళ్ళ దగ్గర మాటిచ్చి పట్టుకొచ్చాడు.

"రండి, కూర్చోండి. మంచినీళ్ళు తెమ్మంటారా?"

"వద్దండీ."

"దీనికంటే మా పాత టైపు మిషనే నయమండీ. ఎంత కొట్టినా జ్వరమొచ్చి పడుకునేది కాదు."

ఆయన కంప్యూటరు వేసి, తెరమీద వేడి చూపించే అంకె దగ్గర కళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ టైపు చేస్తూ పోయింది. అంకె మెట్లెక్కినట్టు ఎక్కసాగింది. ఫ్యాను రొద పెంచింది. తొంభై దాటింది. తెర నల్లబడిపోయింది.

"చూశారా! గణితం మూడో ప్రశ్న దగ్గర మళ్ళీ పోయింది."

"కాస్త చల్లారనివ్వండి" అంటూనే ఆయన పెట్టెను పక్కకు పడుకోబెట్టి విప్పి, లోపలికి చెయ్యి పోనిచ్చాడు. కంప్యూటరుకు బుర్ర ప్రాసెసరు. ఆలోచించేకొద్దీ అది వేడెక్కుతుంది. దాని నెత్తిన కూర్చున్న లోహపు దిమ్మ ఆ వేడిని లాక్కోవాలి, దిమ్మ మీద ఫ్యాను దాన్ని ఊదెయ్యాలి. దిమ్మకూ ప్రాసెసరుకూ మధ్య ఇసుమంత సందు కూడా ఉండకుండా పేస్టు పలచగా రాస్తారు. ఆయన బొటనవేలు దిమ్మ మీద ఆనించాడు.

గోరువెచ్చగా ఉంది.

బుర్ర మండిపోతుంటే నెత్తిన ఉన్న దిమ్మ గోరువెచ్చగా ఉందంటే, వేడి పైకి రావడంలేదు. మధ్యలో పేస్టు పనిచెయ్యడంలేదు. ఫ్యాను లోపం ఎంతమాత్రం కాదు. ఇది తెలియడానికి ఆయనకు రెప్పపాటు కూడా పట్టలేదు.

నిన్న జరిగింది కళ్ళ ముందుకొచ్చింది. పాత దిమ్మ కొత్త బోర్డుకు సరిపోలేదు. చిన్నల్లుడు ఎవరూ అడక్కుండానే వ్యాను తీసుకుని వెళ్ళి, ఫ్యానుతో సహా కొత్త దిమ్మ కొనుక్కొచ్చాడు. పెట్టెలో దానితోపాటు చిన్న పేస్టు ట్యూబు కూడా ఉంది. "అన్నయ్యా, ఇది కూడా ఇచ్చారు, దేనికో మరి" అని చేతిలో పెట్టాడు. అత్తగారు వెనక నుంచి "వాడు ఏది తెచ్చినా నిండుగా తెస్తాడండీ" అంది. పెద్దల్లుడు ఆ ట్యూబును జేబులో వేసుకుని, తన సంచీలోని పాత ట్యూబు తీశాడు. అది ఎండిపోయి ఉంది. ఎండిపోయిన పేస్టులో చుక్క స్పిరిట్ కలిపి మెత్తబరిచి వాడటం షాపులో అలవాటే. ఎవరి కంప్యూటరో అయితే ఆయన ఆ పని చెయ్యడు, యజమానితో పోట్లాడి కొత్తది తెప్పిస్తాడు. నిన్న మాత్రం చేశాడు. దిమ్మ వాడు తెచ్చినదే, ఫ్యాను వాడు తెచ్చినదే, పేస్టు కూడా వాడిదే అయితే ఇక నేను చేసిందేమిటి అనిపించింది. రాత్రి వేడికి స్పిరిట్ ఎగిరిపోయి ఉంటుంది.

"ఏమైందండీ?" అంది అత్తగారు.

ఆయన నోరు తెరిచాడు. "ఫ్యానండీ. నాసిరకం" అన్నాడు.

అన్నాక ఆ గొంతు తనదేనా అని ఆయనకే అనుమానం వచ్చింది. అత్తగారు మారు ప్రశ్న వెయ్యలేదు. ఫోన్ అందుకుంది.

"ఏరా, ఎక్కడ చచ్చావు? నాసిరకం ఫ్యాను తెచ్చి నా నెత్తిన పెట్టావటగా! చవగ్గా వస్తే చాలు, గడ్డి కూడా కొనుక్కొస్తావు నువ్వు. పోయి మంచిది పట్రా. ఈ పిల్లల పరీక్ష ఆగిపోతే వాళ్ళ అమ్మానాన్నలు నిన్నే తంతారు. నేను కుర్చీ వేసుకుని చూస్తాను... ఏం నవ్వొస్తోందిరా వెధవా?"

పెద్దల్లుడు తీగల మధ్య తల దించుకుని కూర్చున్నాడు. పాతికేళ్ళలో మొదటిసారి ఆ చిన్నవాడి మీద నేరం నిలబడింది. సంతోషం కలగాలి. కలగలేదు. ఆవిడ తిట్టే తీరు వింటుంటే లోపల ఇంకో చోట మండింది. నేరం మోపి తిట్టించినా ఆ తిట్లు కూడా వాడికే దక్కాయి. తన వైపు తిరిగేసరికి ఆవిడ గొంతు మళ్ళీ ఇస్త్రీ చేసినట్టయింది.

"మీకు శ్రమ ఇస్తున్నామండీ. కాఫీ కలపమంటారా?"

"వద్దండీ" అన్నాడు అలవాటు కొద్దీ. నిజానికి పొద్దుట్నుంచీ ఆయన కడుపులో ఏమీ పడలేదు.

ఆ తర్వాత పూటంతా ఆయన చేసింది పని కాదు, పనిలా కనబడే కాలక్షేపం. శుభ్రంగా ఉన్న చోటే మళ్ళీ తుడిచాడు. ఊడని తీగల్ని ఊడదీసి బిగించాడు. చిన్నల్లుడు రాకముందే జేబులోని ట్యూబు తీసి గుట్టుగా రాసేస్తే సరిపోతుంది కదా అని ఒకసారి అనుకున్నాడు. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. కానీ అత్తగారు ఎదురుగానే కూర్చుని ఉంది, టైపు చెయ్యడానికేమీ లేక వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని. మాటిమాటికీ గోడ గడియారం వైపు చూస్తోంది.

"ఇవాళ ఇవ్వలేకపోతే ఈ పని ఇంకెవరికో ఇచ్చేస్తారండీ" అంది కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు. "మళ్ళీ నన్ను అడగరు. ముసలావిడతో పెట్టుకుంటే ఇంతే అనుకుంటారు."

పోగొట్టుకోబోయేది తానొక్కడే అనుకున్నాడు ఆయన ఇప్పటిదాకా.

వ్యాను హారన్ వినబడింది. చిన్నల్లుడు చెప్పులు ఒకటి గుమ్మం ఇవతల, ఒకటి అవతల విడిచి లోపలికొచ్చాడు. ముఖమంతా చెమట. చేతిలో కొత్త అట్టపెట్టె.

"తప్పు నాదేనన్నయ్యా. కొట్టువాణ్ణి దులిపేశాను. ఇంతకంటే మంచిది లేదన్నాడు. నాకేం తెలుసు, వ్యాను ఇంజనైతే చెప్పగలను. నువ్వు చెప్పు, ఏం పట్టుకోమంటావు?"

అతని ముఖంలో నవ్వు ఉంది కానీ, ఆ నవ్వు కింద చిన్నబుచ్చుకున్న జాడ కూడా ఉంది. పెద్దల్లుడు దాన్ని చూశాడు.

"లైటు పట్టుకో" అన్నాడు.

నాలుగు మూలలా మరలు వదులు చేసి దిమ్మను పైకెత్తాడు. పేస్టు పెళుసుబారి, పెచ్చులుగా ఊడి ఉంది. కొంత దిమ్మకు, కొంత ప్రాసెసరుకు అంటుకుంది. మధ్యలో ఉత్త లోహం మెరుస్తోంది.

చిన్నల్లుడు వంగి చూశాడు. "ఇదేంటన్నయ్యా, పాత గోడకు సున్నం రాలినట్టుంది?"

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని దగ్గరకొచ్చింది. "దేనికండీ అది?"

ఇద్దరూ తన చెయ్యి వైపే చూస్తున్నారు. 'ఫ్యాను లోపం వల్లే ఇలా అయింది' అంటే నమ్ముతారు. ఆ ఇంట్లో ఆ యంత్రం గురించి ఆయన మాటకు తిరుగులేదు. ఆయనకున్నది ఆ ఒక్క నమ్మకమే. దాన్ని ఇంకో అబద్ధానికి ఖర్చు పెట్టడానికి ఎందుకో మనసొప్పలేదు.

"ఫ్యాను బాగానే ఉంది" అన్నాడు. "నేను రాసిన పేస్టు ఎండిపోయింది. తమ్ముడు తెచ్చిన కొత్త ట్యూబు నా జేబులోనే ఉంది." తీసి చూపించాడు. మూత మీద సీలు కూడా విప్పలేదు.



"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?" అంది అత్తగారు.

"పొద్దున్నే."

"పొద్దున్నే తెలిసి, వాణ్ణి నా చేత అన్ని మాటలు అనిపించావా? బుద్ధుందా నీకు? తల నెరిసింది, చంటిపిల్లాడిలా ఈ ఉక్రోషం ఏమిటయ్యా? వాడు తెచ్చింది రాస్తే నీ చెయ్యి కాలుతుందా? ఇంత పనిమంతుడివి, నీకెందుకు వచ్చిన పోటీ? నేనిక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడియారం చూస్తుంటే, నువ్వు తుడిచిందే తుడుస్తూ కూర్చుంటావా?"

"పోనీలే అత్తా" అన్నాడు చిన్నల్లుడు. "అన్నయ్యనా తిట్టేది?"

"నువ్వు నోర్మూసుకోరా. నీ వంతు పొద్దునే అయిపోయింది."

పెద్దల్లుడు ట్యూబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆవిడ ఆగలేదు. వెయ్యమంటారా అని అడగలేదు. పాతికేళ్ళుగా పక్కవాడి పళ్ళెంలో పడుతుంటే చూసినదంతా ఇవాళ తనకు చెయ్యి అడ్డం పెట్టినా వినకుండా పడుతోంది. కళ్ళు చెమర్చాయి. ఆవిడ అది వేరేగా అర్థం చేసుకుని, "సరేలే, సరేలే. ముందు పని కానీ" అంది.

ఆయన పెచ్చులన్నీ గీకి, గుడ్డతో తుడిచి, కొత్త పేస్టు గింజంత పెట్టి దిమ్మను తిన్నగా కూర్చోబెట్టాడు. మరలు మూల నుంచి మూలకు కొంచెం కొంచెంగా బిగించాడు. చిన్నల్లుడు ఊపిరి బిగబట్టి లైటు పట్టుకున్నాడు.

"ఏమనుకోకు తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు, బోర్డు వైపే చూస్తూ.

"అనుకోవడానికేముందన్నయ్యా. నిజం చెప్పనా? నాకూ నిన్ను చూస్తే మంటే. అత్త వీధివీధంతా 'మా పెద్దల్లుడుగారు బిగించిందండీ' అని చెప్పుకుంటుంది. నా పేరు వెనక ఎప్పుడైనా 'గారు' పెట్టిందా? పిల్లలు కూడా నన్ను వ్యాను మామ అంటారు."

పెద్దల్లుడు చేతిలోని స్క్రూడ్రైవరు ఆపి అతని ముఖంలోకి చూశాడు. అతను నవ్వడంలేదు.

కంప్యూటరు వేశారు. అంకె నలభై దాటి, కాస్త ఊగి, అక్కడే నిలబడిపోయింది. అత్తగారు గణితం మూడో ప్రశ్న నుంచి అందుకుంది. ఆవిడ వేళ్ళు వాన కురిసినట్టు టపటపలాడాయి. కాగితాలు వేడివేడిగా ఒక్కొక్కటే బయటికొచ్చాయి. బడి వదిలే వేళకు చిన్నల్లుడు ఆ కట్ట చంకలో పెట్టుకుని పరుగెత్తాడు. "మెల్లిగా నడపరా" అని ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి కేకేసింది. ఆ కేక వింటుంటే పెద్దల్లుడికి లోపల మళ్ళీ కొంచెం చురుక్కుమంది. పాతికేళ్ళ మంట ఒక పూటలో ఎక్కడికి పోతుంది?

ఆవిడ తిరిగొచ్చి, అడక్కుండానే పళ్ళెం పెట్టి వడ్డించింది. రెండోసారీ వడ్డించింది. ఆయన ఒక్కసారి కూడా వద్దండీ అనలేదు.

వెళ్ళేముందు కంప్యూటరు పెట్టెను నిలబెట్టాడు కానీ పక్క రేకు బిగించలేదు. గోడకు ఆనించి, దాని రెండు స్క్రూలూ ఒక సీసా మూతలో వేసి దగ్గర పెట్టాడు.

"ఇవాళంతా తెరిచే ఉండనివ్వండి. మీరు పని చేసుకుంటూ ఆ అంకె చూస్తూ ఉండండి. రేపు షాపు నుంచి వస్తూ బిగిస్తాను."

"రేపు ఆకలితో రా" అంది అత్తగారు.

ఇంటికెళ్ళాక ఆయన డబ్బాల మూతలు తియ్యలేదట. డ్యూటీకి బయల్దేరుతున్న భార్యతో, "మీ అమ్మ ఇవాళ నన్ను చెడామడా తిట్టింది" అన్నాడట. తిట్లు తిన్న మనిషి ముఖంలా లేదే అని ఆమె అనుకుంది. వచ్చాక అడుగుదామని వెళ్ళిపోయింది. తెల్లవారి ఆమె వచ్చి పిలిస్తే ఆయన పలకలేదు. నిద్రలోనే పోయాడు. గుండె అన్నాడు డాక్టరు.

షాపు ఆ పూట మూసి, మర్నాడు తెరిచారు. ఆయన బల్ల మీద ఇప్పుడు ఇంకొకరు కూర్చుంటున్నారు.

నెల తిరిగాక చిన్నల్లుడు వచ్చి, ముందు గదిలో ఆ రేకు అలాగే ఉండటం చూసి స్క్రూడ్రైవరు తీశాడు.

"దుమ్ము పడుతుందత్తా, బిగించేస్తాను."

"వద్దురా" అంది ఆవిడ టైపు చేస్తూనే. "వాడొచ్చి బిగిస్తానన్నాడు."

అన్నాక ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. చిన్నల్లుడు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

గొప్ప పనులేవీ చెయ్యని మనిషి. ఒక్క అబద్ధమాడి, ఒక్క పూటలోనే ఒప్పేసుకున్నాడు. ఆ ముందు గదికి ఏ కాగితమైనా టైపు చేయించుకోవడానికి మీరు వెళ్ళడం జరిగితే, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. కంప్యూటరు పక్కన గోడకు ఆనించి నల్లటి రేకు ఒకటి ఉంటుంది, దాని కాళ్ళ దగ్గర సీసా మూతలో రెండు స్క్రూలు.